దూరాన నిలిచిన అక్క

ధ్యానాంశము: నిర్గమకాండము 2:1–10, 4:27–31



మోషే పుట్టుక కథ మనకందరికీ చిన్ననాటి నుండి తెలిసినదే. హెబ్రీయుల మగబిడ్డలను నైలునదిలో పారవేయమని ఫరోరాజు ఆజ్ఞాపించాడు. ఒక తల్లి తన పసివానిని మూడు నెలలపాటు దాచింది. ఇక దాచలేక ఒక జమ్ముపెట్టె తెచ్చి, నీరు చొరకుండా కీలు పూసి, బిడ్డను అందులో పరుండబెట్టి, నది ఒడ్డున రెల్లుపొదలో ఉంచింది. స్నానానికి వచ్చిన రాజకుమార్తె ఆ పెట్టెను చూచింది. ఏడుస్తున్న బిడ్డను చూచి జాలిపడింది. తన కుమారునిగా పెంచుకొన్నది. ఈ కథ చెప్పుకొనేటప్పుడు మనము కన్నతల్లిని తలుస్తాము, పెంచినతల్లిని తలుస్తాము, మోషేను తలుస్తాము. నాలుగవ వ్యక్తిని తరచుగా మరచిపోతాము.

ఆ నాలుగవ వ్యక్తి ఒక చిన్నపిల్ల. తమ్మునికి ఏమి జరుగుతుందో చూడడానికి ఆమె కొంచెం దూరాన నిలబడింది. ఆమెకు అధికారము లేదు, డబ్బు లేదు, పెద్దల అండ లేదు. రాజాజ్ఞను ఆపలేదు, నది ప్రవాహాన్ని ఆపలేదు. అయినా చూపు మరల్చుకోలేదు. సమయము రాగానే ముందుకు వచ్చి, బిడ్డకు పాలిచ్చే దాదిని పిలుచుకొని రమ్మంటారా అని రాజకుమార్తెను అడిగింది. వెళ్ళి కన్నతల్లినే పిలుచుకొని వచ్చింది. ఈ చోట ఆ పిల్ల పేరు చెప్పబడలేదు. అయితే అహరోను, మోషే, వారి సోదరి మిర్యాము ఒక్క తల్లి బిడ్డలని సంఖ్యాకాండము (26:59) చెబుతున్నది. కనుక ఆ పిల్ల మిర్యామేనని పెద్దలు మొదటి నుండి చెబుతూ వచ్చారు.

నేటి మాటలలో చెప్పాలంటే, మోషే పరాయి జాతివారి ఇంటికి దత్తతకు వెళ్ళిన బిడ్డ. అతనికి ఆ పేరు పెట్టినది కూడ పెంచిన తల్లే. అతడు రాజనగరులో పెరిగాడు. అతని అక్క, అన్న బానిసల మధ్య పెరిగారు. ఇల్లు మారితే తోబుట్టువులు కాకుండా పోతారా? ఈ వారము మీతో కలిసి ధ్యానించదలచినది ఈ ఒక్క ప్రశ్నను.

ఇది ఏనాటిదో పాతకథ అనుకోకండి. గత డెబ్బై సంవత్సరాలలో లక్షలాది పిల్లలు ఒక దేశము నుండి మరో దేశానికి దత్తతకు వెళ్ళారు. 1953లో యుద్ధము ముగిసిన నాటి నుండి దక్షిణ కొరియా నుండి లక్షన్నరకు పైగా వెళ్ళారు. 1992 నుండి, ఈ ఏర్పాటును నిలిపివేసిన 2024 వరకు, చైనా నుండి కూడ లక్షన్నరకు పైగా వెళ్ళారు. మన దేశము నుండి అమెరికా, ఇటలీ, స్పెయిన్ మొదలైన దేశాలకు పిల్లలు వెళుతూనే ఉన్నారు. వీరిలో ఒకే కడుపున పుట్టి వేరువేరు ఇళ్ళకు, కొన్నిసార్లు వేరువేరు ఖండాలకు వెళ్ళినవారు కూడ ఉన్నారు. ఒక కుటుంబానికి ఒక బిడ్డను మాత్రమే పెంచే శక్తి ఉండవచ్చు. అన్న దొరికిన రెండేళ్ళకు చెల్లెలు పుట్టి ఉండవచ్చు. ఇద్దరినీ వేరువేరు ఆశ్రమాలలో చేర్చి ఉండవచ్చు. కాగితాలు తప్పుగా వ్రాసి ఉండవచ్చు. కారణమేదైనా, ఒక పెట్టె ఒక ఒడ్డుకు చేరింది, మరో పెట్టె మరో ఒడ్డుకు చేరింది.

లోకానికి తెలిసిన మూడు సంగతులు మీ ముందు ఉంచుతాను.

మొదటిది. 1987 నవంబరు 19న దక్షిణ కొరియాలోని బుసాన్ నగరంలో కవల ఆడపిల్లలు పుట్టారు. ఒకరిని అమెరికాలోని న్యూజెర్సీకి చెందిన కుటుంబము పెంచుకొన్నది. ఇంకొకరిని ఫ్రాన్సు దేశపు కుటుంబము పెంచుకొన్నది. మీ బిడ్డకు కవల ఉన్నదని ఏ కుటుంబానికీ ఎవరూ చెప్పలేదు. అమెరికాలో పెరిగిన సమాంతా ఫుటర్‌మన్ సినిమా నటి అయింది. ఫ్రాన్సులో పెరిగిన అనాయిస్ బోర్డియే దుస్తుల రూపకల్పన నేర్చుకోవడానికి లండన్ వెళ్ళింది. 2012 చివరలో అనాయిస్ స్నేహితుడొకరు యూట్యూబ్‌లో ఒక వీడియో చూచి, అందులో ఉన్న అమ్మాయి అచ్చం నీలాగే ఉన్నదని చెప్పాడు. 2013 ఫిబ్రవరిలో ఆమె ఫేస్‌బుక్ ద్వారా సమాంతాకు ఉత్తరము వ్రాసింది. ఆ సంవత్సరమే ఇద్దరూ లండన్‌లో కలుసుకొన్నారు. వారు కవలలేనని డి.ఎన్.ఎ. పరీక్ష తేల్చింది. ఒకే గర్భంలో కలిసి ఉన్నవారు ఒకరి ముఖము ఒకరు చూడడానికి ఇరవైఐదేళ్ళు పట్టింది.

అద్భుతము అంటారా? అద్భుతమే. కాని కొంచెం ఆలోచించండి. వారిని కలిపినది వారి ముఖము. ఇద్దరికీ ఒకే ముఖము ఉన్నది గనుక దారిన పోయే స్నేహితుడు గుర్తుపట్టాడు. అయిదేళ్ళ తేడాతో పుట్టిన అక్కను, తమ్ముని ఏ స్నేహితుడు గుర్తుపడతాడు? వారికి ముఖము సాక్ష్యమివ్వదు. కాగితమే సాక్ష్యమివ్వాలి, మనుషులే సాక్ష్యమివ్వాలి. ఆ కాగితాన్ని దాచినవారు, ఆ మాటను మింగినవారు ఒక అన్ననుండి చెల్లెలిని దొంగిలించినట్లే. దక్షిణ కొరియా ప్రభుత్వము నియమించిన సత్యశోధన సంఘము 2025 మార్చిలో వెలువరించిన తీర్మానములో, తల్లిదండ్రులు ఉన్న పిల్లలను కూడ అనాథలుగా వ్రాసి విదేశాలకు పంపిన సంఘటనలు ఉన్నాయని, అందుకు ప్రభుత్వమే బాధ్యత వహించాలని చెప్పింది.

రెండవది. 2000 సంవత్సరంలో చైనాలోని హునాన్ రాష్ట్రంలో ఒక పల్లెటూరి దంపతులకు కవల ఆడపిల్లలు పుట్టారు. ఒక కుటుంబానికి ఒక బిడ్డ అన్న కట్టడి అమలులో ఉన్న రోజులవి. అధికారులకు భయపడి ఒక బిడ్డను బంధువుల ఇంట్లో దాచారు. ఆ పాపకు రెండేళ్ళు రాకముందే అధికారులు వచ్చి ఎత్తుకొని పోయారు. ఆ పాపను వదిలివేయబడిన బిడ్డగా చూపించి దత్తతకు ఇచ్చారు. ఆమె అమెరికాలోని టెక్సాస్‌కు చేరింది. పెంచుకొన్న తల్లికి ఈ దౌర్జన్యము ఏదీ తెలియదు. కొన్నేళ్ళకు బార్బరా డెమిక్ అనే పత్రికా విలేఖరి ఈ వృత్తాంతాన్ని వెలికితీసింది. నిజము తెలిసినప్పుడు పెంచినతల్లి భయపడింది. బిడ్డను తిరిగి తీసుకొనిపోతారేమోనని ఆమె భయము. కొన్నేళ్ళపాటు ఆ తలుపు మూసియే ఉన్నది. తరువాత ఆ కుటుంబమే తలుపు తెరిచింది. 2019లో పెంచినతల్లి కూతురిని వెంటబెట్టుకొని హునాన్ పల్లెకు వెళ్ళింది. అక్కాచెల్లెళ్ళు పసితనంలో విడిపోయి పదిహేడేళ్ళ తరువాత కలుసుకొన్నారు. ఒకరికి వచ్చిన భాష ఇంకొకరికి రాదు. అయినా కలుసుకొన్నారు. ఆ అమ్మాయి మళ్ళీ తన పెంపుడుతల్లితోనే అమెరికాకు తిరిగి వెళ్ళింది. భయపడినది జరగలేదు.

మూడవది. చైనాలోనే పుట్టిన మరో ఇద్దరు కవలలు. 2004లో వారిని దత్తత తీసుకోవడానికి వచ్చిన రెండు కుటుంబాలు, ఒకటి అమెరికాలోని శాక్రమెంటోది, మరొకటి నార్వేలో ఒక చిన్న పల్లెది, ఒకేచోట తటస్థపడ్డాయి. తమ చేతులలోని పసిపాపలు ఒకేలా ఉన్నారని ఆ తల్లిదండ్రులు గమనించారు. కవలలు కారని అధికారులు చెప్పారు. వారు ఆ మాటతో సరిపెట్టుకోలేదు. ఒకరి చిరునామా ఒకరు తీసుకొన్నారు. ఇళ్ళకు చేరిన తరువాత పరీక్ష చేయిస్తే కవలలేనని తేలింది. అప్పటి నుండి రెండు కుటుంబాలూ సంబంధము నిలుపుకొన్నాయి, ఫోటోలు పంపుకొన్నాయి, పిల్లలను కలిపాయి. ఒక పాప ఇంగ్లీషు మాట్లాడుతుంది, ఇంకొక పాప నార్వే భాష మాట్లాడుతుంది. నార్వే దర్శకురాలు ఒకరు 2013లో వీరి గురించి చిత్రము తీశారు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి సంగతిలో దారము ఉన్నదనే ఎవరికీ తెలియదు. రెండవదానిలో తెలిసింది, భయము అడ్డుపడింది, తరువాత ప్రేమ భయాన్ని గెలిచింది. మూడవదానిలో పిల్లలకు ఊహ తెలియకముందే పెద్దలు ఆ దారాన్ని తమ చేతిలోకి తీసుకొన్నారు. పిల్లల చేతులు పెద్దవయ్యేవరకు పట్టుకొని ఉన్నారు. మిర్యాము చేసిన పని ఇదే. మోషే పసివాడు, అతడు అక్కను గుర్తుంచుకోలేడు. అక్కే అతనిని గుర్తుంచుకోవాలి.

పసిపిల్లల మరపు ఎంత లోతైనదో మనకు తెలియదు. మూడేళ్ళు మొదలు ఎనిమిదేళ్ళ మధ్య వయసులో కొరియా నుండి ఫ్రాన్సుకు దత్తతకు వెళ్ళి, పెద్దవారైన ఎనిమిది మందిని ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించారు. వారు కొరియా భాషను మరే తెలియని పరాయి భాషనో విన్నట్లే విన్నారు. ఎనిమిదేళ్ళ వరకు మాట్లాడిన మాతృభాషే అలా చెరిగిపోతే, అక్క ముఖము చెరిగిపోదా? అన్న పేరు చెరిగిపోదా? కాబట్టి, పెద్దయ్యాక వాళ్ళే వెతుక్కొంటారులే అన్న మాట న్యాయమైన మాట కాదు. ఏమి వెతకాలో కూడ వారికి తెలియకపోవచ్చు.

కొందరు అడుగుతారు: "దత్తత అంటే కొత్త జన్మ కదా స్వామీ! పాత బంధాలను ఎందుకు కదిలించాలి?" మంచి ప్రశ్నే. దత్తబిడ్డ నిజమైన బిడ్డే. ఇందులో సందేహము లేదు. శ్రీసభ ధర్మశాస్త్రము 110వ సూత్రము దేశచట్టము ప్రకారము దత్తత తీసుకోబడిన పిల్లలు ఆ తల్లిదండ్రుల పిల్లలేనని స్పష్టముగా చెబుతున్నది. దత్తబిడ్డను "పెంపుడుబిడ్డేగా" అని తక్కువచేసి మాట్లాడేవారు శ్రీసభ మాటను కాదంటున్నారని తెలుసుకోవాలి. పునీత యోసేపుగారిని తలచుకొనే మనము అలా మాట్లాడవచ్చునా?

అదే ధర్మశాస్త్రము మరొక మాట కూడ చెబుతున్నది. 1091వ సూత్రము ప్రకారము రక్తసంబంధము వివాహానికి అడ్డంకి. దత్తతకు వెళ్ళినంత మాత్రాన ఈ అడ్డంకి తొలగిపోదు. 1094వ సూత్రము దత్తత వలన ఏర్పడిన అన్నాచెల్లెలి బంధము కూడ అడ్డంకియేనని చెబుతున్నది. అంటే శ్రీసభ దృష్టిలో ఆ బిడ్డకు ఇద్దరు చెల్లెళ్ళు ఉంటే, కడుపున పుట్టిన చెల్లెలూ చెల్లెలే, పెంచిన ఇంటి చెల్లెలూ చెల్లెలే. ఒకరి కోసము ఇంకొకరిని కొట్టివేయలేదు.

మన దేశపు చట్టములో కూడ ఇటువంటి మెలకువ కనబడుతుంది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము మన క్రైస్తవులకు వర్తించదు గాని, దాని 12వ విభాగము చూడదగినది. దత్తతతో బిడ్డకు పుట్టింటి బంధాలన్నీ తెగిపోయినట్లు భావించాలని చెబుతూనే, పుట్టింట్లోనే ఉండి ఉంటే ఎవరిని పెండ్లాడరాదో వారిని దత్తతకు వెళ్ళిన తరువాత కూడ పెండ్లాడరాదని అదే చోట చెబుతున్నది. మన పల్లెల అనుభవము కూడ ఇదే కదా! తమ్ముని బిడ్డను పిల్లలు లేని మేనత్తకు పెంపుడిచ్చారనుకోండి. వరుసలు లెక్కపెడితే కన్న అన్న బావ అవుతాడు, కన్న చెల్లెలు మరదలు అవుతుంది. ఏ ఇంట్లోనైనా అలా పిలుస్తారా? పండుగకు వచ్చినప్పుడు "అన్నయ్యా" అనే పిలుస్తుంది, "చెల్లెమ్మా" అనే పలుకుతాడు. మన మాటలోనే ఆ తెలివి ఉన్నది. తోబుట్టువు అంటే తోడుగా పుట్టినవాడు. ఇల్లు మారవచ్చు, ఇంటిపేరు మారవచ్చు. తోడుగా పుట్టడము జరిగిపోయినది. జరిగిపోయినదానిని జరగనట్లు చేయడము సర్వశక్తుడైన దేవునికి కూడ కుదరని పని అని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. అది దేవుని శక్తికి లోటు కాదు. ఆ మాటలోనే పొంతన లేదు. దేవుడే చెరపని దానిని మన కాగితాలు ఎలా చెరపగలవు?

ఇప్పుడు దత్తత తీసుకొన్న తల్లిదండ్రులతో ఒక మాట. ఈ పత్రిక చదివేవారిలో మీరు కొందరుంటారు. విదేశాలలో ఉన్న మీ పిల్లలు, మీ బంధువులు ఇక్కడి నుండి బిడ్డను తీసుకొని వెళ్ళి ఉండవచ్చు. మీ భయము నాకు అర్థమవుతుంది. ఇన్నేళ్ళు రాత్రులు మేలుకొని పెంచిన బిడ్డ, "నా అన్న ఎక్కడున్నాడు?" అని అడిగితే గుండె కలుక్కుమంటుంది. మా ప్రేమ చాలలేదా అనిపిస్తుంది. తల్లీ, అది మీ ప్రేమకు తక్కెడ కాదు. మీకు రెండవ బిడ్డ పుట్టినప్పుడు మొదటి బిడ్డ మీద ప్రేమ సగమైనదా? మీ బిడ్డ గుండెకు కూడ అదే నియమము. రాజకుమార్తెను చూడండి. ఆ బిడ్డ హెబ్రీయుల బిడ్డ అని ఆమెకు చూడగానే తెలుసు. తెలిసియే పెంచుకొన్నది. రెల్లు చాటు నుండి వచ్చిన హెబ్రీ పిల్లను తరిమివేయలేదు; ఆమె మాట విని, హెబ్రీ స్త్రీ చేతికే పాలివ్వమని బిడ్డను ఇచ్చింది, జీతము కూడ ఇచ్చింది. ఆ పిల్ల ఎవరని ఆరా తీయలేదు. అంత విశాలమైన మనసు ఒక అన్యురాలిలో ఉండగా, జ్ఞానస్నానము పొందిన మనలో ఉండవద్దా?

ఆశ్రమాలు నడిపే మఠకన్యలకు, సంఘసేవకులకు రెండవ మాట. మీ బీరువాలోని పాత రిజిస్టరు ఎవరికో అన్న, ఎవరికో చెల్లెలు. బిడ్డ ఏ రోజున, ఎవరి చేతులలో, ఏ బట్టలతో, ఎవరి వెంట వచ్చింది అన్న నాలుగు మాటలు ముప్పై ఏళ్ళ తరువాత ఒక జీవితాన్ని నిలబెట్టవచ్చు. చెదపురుగులకు వాటిని వదలకండి. జ్ఞానస్నాన రిజిస్టరు విషయములో కూడ శ్రీసభ జాగ్రత్త చెప్పింది: దత్తబిడ్డ పేరు వ్రాసేటప్పుడు పెంచుకొన్నవారి పేర్లతోపాటు, ఆ ప్రాంతపు ప్రభుత్వ రికార్డులలో వ్రాసే ఆచారమున్నచోట కన్నవారి పేర్లు కూడ వ్రాయాలని 877వ సూత్రము చెబుతున్నది. 1993లో ది హేగ్ నగరంలో దేశాలు చేసుకొన్న ఒప్పందము, మన దేశంలో 2003 అక్టోబరు నుండి అమలులో ఉన్నది, బిడ్డ పుట్టుపూర్వోత్తరాల సమాచారాన్ని భద్రపరచాలని 30వ అధికరణములో ఆదేశిస్తున్నది. తల్లిదండ్రుల నీడ లేని పిల్లల గురించి ఐక్యరాజ్యసమితి 2009లో ఆమోదించిన మార్గసూత్రాలు, అన్నదమ్ములను అక్కచెల్లెళ్ళను విడదీయరాదని, విడదీయక తప్పకపోతే వారి మధ్య సంబంధము నిలిచేందుకు పాటుపడాలని, అది వారికి ఇష్టము లేనప్పుడు లేదా హాని అయినప్పుడు మాత్రమే మినహాయింపు అని చెబుతున్నవి.

మన రాష్ట్రానికి కూడ ఈ విషయములో కన్నీటి చరిత్ర ఉన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తండాలనుండి పసికందులను కొద్దిపాటి డబ్బుకు కొని, అనాథలుగా చూపి, విదేశీయులకు దత్తతకిచ్చిన వ్యవహారాలు 1999లోను, 2001లోను బయటపడి దేశమంతా మారుమ్రోగాయి. అప్పుడు అందరూ తల్లుల గురించి మాట్లాడారు, దళారుల గురించి మాట్లాడారు. ఆ గుడిసెలలో మిగిలిన అక్కల గురించి ఎవరు మాట్లాడారు? ఇంట్లో పాప పుట్టిందని ఉయ్యాల ఊపిన ఆరేళ్ళ పిల్లకు ఒకనాటి ఉదయము ఉయ్యాల ఖాళీగా కనబడితే, ఆ పిల్ల ఎవరిని అడగాలి? దూరాన నిలబడి చూసే అవకాశము కూడ ఆమెకు దక్కలేదు.

ఇక తోబుట్టువులకు మూడవ మాట. విడిపోయినవారు కలుసుకొన్న రోజున అంతా తేనెలా ఉంటుందని ఆశపడకండి. ఒకరు చలిదేశంలో మేడలో పెరిగి ఉంటారు. ఇంకొకరు పెంకుటింట్లో, హాస్టలులో పెరిగి ఉంటారు. "నన్నెందుకు వదిలారు?" అని ఒకరికి కోపము, "నిన్నే ఎందుకు తీసుకొనిపోయారు?" అని మరొకరికి కోపము. అమెరికా చెల్లెలు దొరికింది, ఇక మన కష్టాలు తీరాయని ఇంటివారు లెక్కలు వేయడము మొదలుపెడితే ఆ బంధము ఊపిరి తీసుకోకముందే చనిపోతుంది. మొదట డబ్బు అడగకండి, మొదట డబ్బు పంపకండి. మొదట ఉత్తరము, ఫోటో, గొంతు. అమ్మ ఎలా ఉండేది, నాన్న ఏ పని చేసేవాడు, మన ఊరి చెరువు ఎటువైపు, నీ చేతి మీది మచ్చ ఎప్పుడు పడింది, ఇవి చెప్పండి. ఇవి లోకంలో మీరు తప్ప మరెవరూ ఇవ్వలేని కానుకలు. సహాయము అవసరమైతే అది తరువాత, నమ్మకము కుదిరాక, రెండువైపుల పెద్దల ఎదుట జరగాలి.

కోపము వస్తే భయపడకండి. మోషే ఇంట్లో కూడ కోపము వచ్చింది. సంఖ్యాకాండము 12వ అధ్యాయములో మిర్యాము, అహరోను తమ తమ్మునిమీద సణిగారు. అందువలన మిర్యాముకు కుష్ఠు సోకింది. అప్పుడు మోషే ఏమి చేశాడు? నాకు తగినశాస్తి జరిగిందనలేదు. అక్కను స్వస్థపరచమని దేవునికి మొరపెట్టాడు. ఆమె పాళెము వెలుపల ఉన్న ఏడురోజులు ప్రజలు ముందుకు సాగలేదు. ఒకనాడు నది ఒడ్డున తమ్ముని కోసము అక్క నిలబడింది. ఇప్పుడు అక్క కోసము తమ్ముడు, అతనితోపాటు ఒక జాతి మొత్తము, ఆగింది. తోబుట్టువుల ప్రేమకు ఇంతకంటె మంచి బొమ్మ నాకు పరిశుద్ధ గ్రంథంలో కనబడదు.

అహరోను సంగతి కూడ మరువవద్దు. మోషే మిద్యానులో మామగారి మందలు కాస్తుండగా, నీ అన్న నిన్ను కలుసుకోవడానికి వస్తున్నాడు, నిన్ను చూచి లోలోపల సంతోషిస్తాడు అని దేవుడే చెప్పాడు. ఇద్దరూ దేవుని పర్వతము దగ్గర కలుసుకొన్నారు. అహరోను తమ్ముని ముద్దుపెట్టుకొన్నాడు. వారు ఫరో ఎదుట నిలిచేనాటికి మోషేకు 80 ఏళ్ళు, అహరోనుకు 83 ఏళ్ళు అని నిర్గమకాండము (7:7) వయసులు కూడ చెబుతున్నది. ఆలస్యమైపోయింది, ఇక ఎందుకు అనుకొనేవారు ఈ అంకెలు చూడండి. మోషేకు మాట తడబడుతుంది. అన్న అతనికి నోరు అయ్యాడు. ఇశ్రాయేలు ప్రజల విడుదల ఈ ముగ్గురు తోబుట్టువుల చేతులమీదుగా జరిగింది. దివంగత ఫ్రాన్సిస్ జగద్గురువులు 2015లోను, ఆ మరుసటి సంవత్సరము కుటుంబప్రేమ గురించి వ్రాసిన లేఖలోను, లోకములో సోదరభావానికి మొదటి బడి ఇంట్లోని అన్నదమ్ముల అక్కచెల్లెళ్ళ బంధమేనని గుర్తుచేశారు.

ఒక జాగ్రత్త చెప్పకపోతే ఈ బోధ సంపూర్ణము కాదు. కొన్ని ఇళ్ళలో పసితనములో జరిగిన గాయాల వలన ఒక తోబుట్టువును చూడడమే ఒక బిడ్డకు భయము కావచ్చు. కొందరికి కలవాలని లేకపోవచ్చు. అటువంటివారిని బలవంతపెట్టరాదు, నెమ్మదిగా, తెలిసినవారి సలహాతో నడవాలి. మన దేశపు దత్తత నిబంధనలు కూడ దత్తతకు వెళ్ళిన వ్యక్తి తన మూలాలను వెతుక్కోవడానికి సంస్థలు సహాయపడాలని చెబుతూనే, బిడ్డను అప్పగించిన తల్లి తన పేరు గోప్యముగా ఉంచమని కోరి ఉంటే ఆమె మాటను గౌరవించాలని చెబుతున్నవి. ముఖాముఖి కలవలేనప్పుడు కూడ మిర్యాము మార్గము తెరచియే ఉన్నది. అది దూరాన నిలబడి చూచుకొనే మార్గము. సంవత్సరానికి ఒక ఉత్తరము ఆశ్రమము వద్ద దాచి ఉంచవచ్చు. చిరునామా మారినప్పుడల్లా తెలియజేయవచ్చు. దివ్యబలిపూజలో పేరుపెట్టి ప్రార్థించవచ్చు. తలుపు తట్టకపోయినా దీపము ఆర్పకుండా ఉండవచ్చు.

ప్రియ పాఠకులారా, తల్లిదండ్రులు మనకంటె ముందుగా వెళ్ళిపోతారు. భార్య, భర్త మన జీవితంలోకి సగము దారిలో వస్తారు. బాల్యము నుండి ముదిమి వరకు మనతో నడువగలిగేది తోబుట్టువు ఒక్కరే. అంత దీర్ఘమైన వరాన్ని, పిల్లలు ఎదిరించి మాట్లాడలేని వయసులో, పెద్దల సౌలభ్యము కోసము తీసివేయడము చిన్న విషయము కాదు. దత్తత తీసుకొనే ఆలోచన ఉన్న దంపతులు మొదటి రోజునే అడగండి: "ఈ బిడ్డకు అన్నగాని, అక్కగాని, తమ్ముడుగాని, చెల్లెలుగాని ఉన్నారా? ఉంటే ఇద్దరినీ మేము తీసుకోగలమా? తీసుకోలేకపోతే ఆ రెండవ బిడ్డ ఏ ఇంటికి వెళుతుంది? ఆ ఇంటివారితో మాకు పరిచయము చేయగలరా?" ఈ నాలుగు ప్రశ్నలకు ఖర్చు లేదు. అడగకపోతే దాని వెల ఒక బిడ్డ జీవితమంతా చెల్లిస్తుంది.

ఈ వారము మీ కుటుంబప్రార్థనలో ఒక చిన్న మనవి చేర్చండి.

ప్రభువా, రెల్లుపొదలో పసివానిని, ఒడ్డున నిలిచిన అక్కను ఒకే చూపుతో చూచిన దేవా! నేడు ఏ దేశంలోనో ఏ ఇంట్లోనో తన తోడబుట్టినవారి పేరు తెలియక పెరుగుతున్న ప్రతి బిడ్డనూ నీవు ఎరుగుదువు. వారిని పెంచుతున్న తల్లిదండ్రుల భయాన్ని తీసివేయుము. రికార్డులు దాచినవారికి నిజము చెప్పే ధైర్యము దయచేయుము. ఎదురుచూస్తున్న అక్కలకు, అన్నలకు ఓర్పు దయచేయుము. నీ పర్వతము దగ్గర అహరోనును, మోషేను కలిపినట్లు, నీకు తగిన వేళలో వారినీ కలుపుము. ఆమెన్.